హుద్‌హుద్ ఆదివారం సాక్ష్యాన్ని సరిచేసుకుంటున్నాను

 చెన్నైలో, హైదరాబాదులో బిల్డింగు పనుల దగ్గర ఉండి రాత్రి పూట ఫోనులో ఇది చదివే మన తమ్ముళ్లకు ప్రత్యేకంగా వందనాలు. మీ ఇళ్ల దగ్గర అందరూ కులాసాగానే ఉన్నారు. వానలు బాగానే పడ్డాయి. చంపావతిలో నీళ్లున్నాయి.

అక్టోబరు వచ్చింది. మన సంఘంలో అక్టోబరు రెండో ఆదివారం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారం. ఈ ఏడాది కూడా 12వ తేదీ ఆదివారమే పడింది. పదకొండేళ్లు నిండుతున్నాయి. ప్రతి ఏడూ ఆ రోజున కృతజ్ఞతా కూటం పెట్టుకుంటున్నాం, భోజనాలు పెట్టుకుంటున్నాం, నేను సాక్ష్యం చెబుతున్నాను. ఈసారి ఆ సాక్ష్యం చెప్పకముందే మీకు ఒక మాట ఒప్పుకోవాలి. అందుకే ఇది రాస్తున్నాను.

మొదట జరిగినది జరిగినట్టు చెబుతాను. శనివారం సాయంత్రం నుంచే గాలి మొదలైంది. పాకల్లో ఉండే అయిదు కుటుంబాల వాళ్లు పిల్లల్ని, గిన్నెల్ని, ఒక మేకను తీసుకుని మన మందిరానికి వచ్చారు. అప్పుడు మన మందిరం ఇటుక గోడలు, పైన సిమెంటు రేకులు. పడమటి గోడ వారగా చాపలు పరిచి అందరినీ పడుకోబెట్టాం. రాత్రంతా ప్రార్థన చేశాం. పొద్దున్నే మన సంఘ పెద్ద గొడుగు వేసుకుని వచ్చారు. ఆ గొడుగు అప్పటికే తిరగబడి ఉంది. "రేకుల కింద వొద్దు అయ్యగారూ. స్కూలు సిలాబు కిందకి అందర్నీ తోలండి" అన్నారు. నాకు ఇష్టం లేదు. ఆదివారం పూట దేవుని మందిరం ఖాళీ చేయడమా అనుకున్నాను. ఆయన మాట కాదనలేక ఎనిమిది గంటలకు అందరం స్కూలుకు వెళ్లిపోయాం. మధ్యాహ్నానికి తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఆ గాలి మీకు గుర్తుంది, చెప్పనక్కర్లేదు. రెండు గంటల ప్రాంతంలో మందిరం రేకులు లేచిపోయాయి, పడమటి గోడ లోపలికి కూలింది. చాపలు పరిచిన చోటే.

ఎవరికీ ఏమీ కాలేదు. మేకకు కూడా.

ఇదీ జరిగింది. ఇది దేవుని కాపుదల అని ఆ రోజు నమ్మాను, ఈ రోజూ నమ్ముతున్నాను. ఒప్పుకోవలసిన సంగతి ఇది కాదు.

మొదటి ఏడు సాక్ష్యం చెప్పినప్పుడు "మేము వెళ్లిన తర్వాత, మధ్యాహ్నం గోడ కూలింది" అని చెప్పాను. రెండో మూడో ఏడు వచ్చేసరికి "వెళ్లిన గంటకే" అన్నాను. ఆ తర్వాత ఎప్పుడో "పది నిమిషాలకే" అయిపోయింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆ స్తోత్రం నాకు బాగుంది. మా ఇంట్లో అమ్మగారు మాత్రం ఒకసారి అన్నం వడ్డిస్తూ, "ఆరు గంటల్ని పది నిమిషాలు చేసేశారు, వచ్చే ఏడాదికి మనం బయటికి రాకముందే కూలుస్తారా గోడని?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంకొకటి కూడా చేశాను. సంఘ పెద్దకు ఆ తెల్లవారుజామున దేవుడు హృదయంలో ప్రేరేపణ ఇచ్చాడని చెబుతూ వచ్చాను. మొన్న ఆయన్నే అడిగాను. "ప్రేరేపణేటండి, టీవీలో రాత్రంతా అదే చెప్పినారు. పాక ఇళ్లోల్లు, రేకుల ఇళ్లోల్లు గట్టి బిల్డింగుల్లోకి ఎల్లిపొమ్మన్నారు" అన్నారు.

ప్రియులారా, టీవీలో చెప్పిన మాట వినే బుద్ధి ఒక మనిషికి ఇవ్వడం, ఆ మాట పాస్టరు మొండితనం కంటే గట్టిదిగా ఉండేలా చేయడం కూడా దేవుని పనే కదా. ఆ మాటకు నేను రంగు వేయవలసిన అవసరం ఏమొచ్చింది? ఆయన కార్యం ఆరు గంటల ముందు చేస్తే చిన్నది, పది నిమిషాల ముందు చేస్తే పెద్దదా? నేను చేసింది జ్ఞాపకం చేసుకోవడం కాదు, పెంచుకోవడం. మీ అందరి ముందు క్షమాపణ అడుగుతున్నాను.

అయితే ఇది నాకు తెలిసివచ్చింది అమ్మగారి మాట వల్ల కాదు. కిందటి అక్టోబరులో, కూటం అయిపోయాక, మన సంఘంలో ఒక చెల్లి ఇంటికి వెళ్లాను. ఆమె ఆ కూటానికి రాలేదు. ఆమె పేరు రాయను. మీలో చాలామందికి తెలుసు. తుఫాను రాత్రి పడమటి గోడ వారన పడుకున్నవాళ్లలో ఆమె ఒకర్తి. ఒడిలో అయిదేళ్ల కొడుకు. ఆ కొడుకే 2023లో, పద్నాలుగేళ్ల వయసులో, జ్వరంతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పదకొండు రోజులూ మనం ఉపవాస ప్రార్థన చేశాం.

ఎందుకు రాలేదమ్మా అని అడిగాను. టీ ఇచ్చింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"అయ్యగారూ, మీరు యేటా ఆ కత చెప్తారు. అందులో నా గుంటడున్నాడు. కత అయిపోయినాక అందరూ బతికిపోనారని చెప్తారు. వాడు బతికి నేడు కదండీ. గోడ కిందనుంచి తప్పించినోడు జొరం నుంచి ఎందుకు తప్పించనేదండి?"

నేను చెప్పకూడని జవాబు చెప్పాను. దేవుని చిత్తం అన్నాను, మనకు అర్థం కాదు అన్నాను. అవి అబద్ధాలు కావు. కానీ ఆ టీ గ్లాసు చేతిలో పట్టుకుని, నా పిల్లలు ఇంట్లో క్షేమంగా ఉండగా, ఆమె ఎదుట కూర్చుని చెప్పవలసినవి మాత్రం కావు. ఆమె తల ఊపింది. గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నుంచి వాక్యంలో ఒకటే వెతుకుతూ వచ్చాను. దేవుడు చేసిన అద్భుతాల్ని జ్ఞాపకం చేసుకోమని బైబిలు ఎన్నిసార్లు చెబుతుందో మనందరికీ తెలుసు. యెహోషువ గ్రంథం 4వ అధ్యాయం నేనే పది ప్రసంగాలు చెప్పి ఉంటాను. యొర్దాను ఆగిపోయింది, గోత్రానికి ఒకడు చొప్పున 12 మంది నది నడుమనుంచి 12 రాళ్లు భుజాన మోసుకొచ్చారు, గిల్గాలులో నిలబెట్టారు, రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పండి అన్నారు. కానీ అదే అధ్యాయం 9వ వచనం మీద ఎన్నడూ ప్రసంగం చెప్పలేదు. యెహోషువ నది మధ్యలో, యాజకులు నిలబడిన చోట కూడా 12 రాళ్లు నిలబెట్టాడు. తర్వాత నీళ్లు మళ్లీ వచ్చేశాయి. ఆ రాళ్లు ఎవరికీ కనబడవు. పిల్లలెవరూ వాటిని చూసి అడగరు. అయినా నిలబెట్టారు. ఎందుకో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. కానీ ఈ ఏడాదంతా గట్టు మీది రాళ్ల కంటే నీళ్ల కింది రాళ్లే నా మనసులో మెదులుతూ వచ్చాయి.

తర్వాత ఎబెనెజెరు. మన కాలెండర్ల మీద, మన పెళ్లి కార్డుల మీద, మొన్న కొత్తగా కొన్న ఒక సహోదరుని ఆటో వెనకాల కూడా ఆ పేరు ఉంది. సమూయేలు మిస్పాకు షేనుకు మధ్య రాయి నిలబెట్టి, ఇంతవరకు ప్రభువే సహాయం చేశాడని దానికి ఆ పేరు పెట్టాడు. మొదటి సమూయేలు 7వ అధ్యాయం. బైబిలు తీసి అదే గ్రంథం 4వ అధ్యాయం మొదటి వచనం కూడా చూడండి. ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయుల చేతిలో ఓడిపోయిన యుద్ధానికి ముందు దిగింది ఎక్కడ? ఎబెనెజెరు అనే పేరున్న చోటే. అక్కడే వేలమంది చచ్చిపోయారు. హొఫ్నీ ఫీనెహాసు చచ్చిపోయారు. మందసం పట్టుబడి అష్డోదుకు పోయింది. ఆ తర్వాత 20 ఏళ్లు ఇశ్రాయేలీయులు ఏడ్చారు. రెండూ ఒకే స్థలమా, ఒకే పేరున్న రెండు స్థలాలా అని పండితులు మాట్లాడుకుంటారు. అది వాళ్లకు వదిలేద్దాం. నాకు కావలసింది ఒకటే. ఆ పుస్తకం రాసినవాడు విజయం జరిగిన చోటికీ ఓటమి జరిగిన చోటికీ ఒకే పేరు రాశాడు. సహాయపు రాయి అనే పేరును ఓటమి పేజీ మీద నుంచి తీసేయలేదు. మన ఆటో సహోదరునికి ఈ సంగతి చెప్పాను. "అయితే పేరు మార్చమంటారా అయ్యగారూ?" అన్నాడు. వద్దు, అదే సరైన పేరు, రోడ్డు మీద తిరిగే బండికి అంతకంటే సరైన పేరు లేదు అన్నాను.

77వ కీర్తన కూడా అలాంటిదే. దేవుని పూర్వకార్యాల్ని తలచుకుంటానని ఆసాపు అన్న మాట మనం స్టిక్కర్ల మీద వేసుకుంటాం. దానికి ముందు సగం కీర్తన వేసుకోం. రాత్రంతా చేయి చాపి ఉన్నాడు, ఓదార్పు పొందడానికి అతని ప్రాణం ఒప్పుకోలేదు, దేవుడు కనికరించడం మరచిపోయాడా అని అడిగాడు. అలా అడిగిన నోటితోనే ఎర్రసముద్రాన్ని తలచుకున్నాడు. చివర్లో తన కష్టం తీరిందని రాశాడా? లేదు. దేవుని దారి సముద్రంలో ఉంది గాని ఆయన అడుగుజాడలు కనబడలేదని, మోషే అహరోనుల చేత తన ప్రజల్ని మందలా నడిపించాడని చెప్పి ఆపేశాడు. కీర్తన అక్కడే అయిపోతుంది. ఆసాపుకు జవాబు వచ్చిందో లేదో మనకు చెప్పరు. మన సంఘంలో ఎవరైనా అలా సాక్ష్యం చెప్పి కూర్చుంటే మనం ఏం చేసి ఉండేవాళ్లం? నేనైతే మైకు తీసుకుని, "అయినా ప్రభువు నమ్మదగినవాడు" అని నేనే ముగించి ఉండేవాణ్ణి.

ఇక మన తెలుగు దేశంలో దేవుడు చేసిన కార్యాల్ని నేను ఎలా చెబుతూ వచ్చానో అది కూడా చూసుకున్నాను. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండేస్కూలు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. నేనే నేర్పించాను. దాని ముందు సంగతి కొంచెం చెప్పేవాణ్ణి. నెల్లూరులో ఆ అమెరికన్ బాప్టిస్టు మిషను 1840 నుంచి ఉన్నా ఫలం దాదాపు లేకపోతే, మూసేద్దామని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. తెలుగు మిషనుకు ఒంటరి నక్షత్రం అనే పేరు అప్పుడే వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. పదకొండేళ్లకు క్లౌ దొర వచ్చాడు. అక్కణ్ణుంచి ఒక్క గెంతు గెంతి 2,222 దగ్గరికి వెళ్లిపోయేవాణ్ణి.

ఆ గెంతులో నేను దాటేసింది 1876 నుంచి 1878 వరకు నడిచిన కరువు. దక్షిణ దేశమంతా లక్షల మంది ఆకలితో చచ్చిపోయిన కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. తవ్వకం దగ్గర సువార్త విన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కూలి కోసం అడిగారన్న మాట రాకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాకనే ఇచ్చాడు. ఆ రోజు నదిలోకి దిగిన ప్రతివాడూ ఇంట్లో ఎవర్నో ఒకర్ని పాతిపెట్టి వచ్చినవాడై ఉండవచ్చు. పక్కన ఉండవలసిన తల్లి, పిల్ల లేకుండా దిగి ఉంటారు. ఆ 2,222 లెక్క మనకు తెలుసు. వాళ్లతో రాలేకపోయినవాళ్ల లెక్క రాసుకున్నవాడు లేడు. కానీ అది కూడా ఆ నది గట్టున ఉన్న సంగతే. దాన్ని తీసేసి చెబితే అద్భుతం పెద్దది అవుతుందనుకున్నాను. అది పెద్దది కాదు, తేలికైపోతుంది.

మన వైపు సంగతి ఇంకా దగ్గరిది. ఒంగోలు కంటే ముందు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ అనే ఒక బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో చనిపోయాడు. డిగ్రాంజెస్ 1810లో చనిపోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయింది 1812లో. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకం చేతితో పట్టుకోలేదు. వాళ్లకు అద్భుతం జరిగిందా? జ్వరం తగ్గలేదు, ఊరు తిరగలేదు, పని పూర్తవలేదు. వాళ్ల గురించి సాక్ష్య కూటంలో చెప్పమంటే ఎక్కడ చప్పట్లు కొట్టిస్తాం? అయినా తెలుగులో సువార్తను మొదటిసారి అచ్చులో చదివినవాళ్ల చేతుల్లో ఉన్నది వాళ్ల పనే. నేను 20 ఏళ్ల పైగా సేవలో ఉండి వీళ్ల పేరు మందిరంలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. వీళ్ల కథలో గోడ కూలకముందు ఎవరూ బయటికి రాలేదు, అందుకని.

అద్భుతాల్ని తలచుకోవడం మానేయాలని నేను అనడం లేదు. మానేస్తే మన విశ్వాసం ఎండిపోతుంది. కష్టం వచ్చిన రోజున మనిషికి కొత్త ఆలోచన రాదు, పాత సంగతే గుర్తొస్తుంది. గుర్తు రావడానికి ఒకటి ఉండాలి. నాకు తుఫాను తర్వాత వారం రోజులు కరెంటు లేని చీకట్లో, రేకులు లేని మందిరంలో, చాపల మీద పడిన ఇటుకల గుట్ట చూసినప్పుడు కలిగిన భయభక్తులు ఇప్పటికీ నన్ను నిలబెడుతున్నాయి. కానీ తప్పుగా తలచుకునే పద్ధతి కూడా ఒకటి ఉంది. అరణ్యంలో మోషే నిలబెట్టిన ఇత్తడి సర్పం నిజమైన అద్భుతమే. దాన్ని చూసినవాళ్లు నిజంగానే బతికారు. తరాలు గడిచాక దానికే ధూపం వేశారు. రెండవ రాజులు 18వ అధ్యాయంలో హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. నా "పది నిమిషాలు" కూడా అలాంటి సర్పమే. దేవుణ్ణి పక్కనపెట్టి దానికి ధూపం వేస్తున్నాను. అది ఆ చెల్లిని కాటేసింది.

ఈ ఆగస్టులో మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ఈసారి జవాబు ఏదీ పట్టుకెళ్లలేదు. పది నిమిషాల సంగతి చెప్పాను. సంఘం ముందు సరిచేస్తానని, ఆ సాక్ష్యంలో మీ బాబు కూడా ఉంటాడని, వాడు ఆ రోజు బతికాడనీ 2023లో వెళ్లిపోయాడనీ రెండూ చెబుతానని, మీకు ఇష్టం లేకపోతే వాడి సంగతి అసలు ఎత్తననీ చెప్పాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. గూట్లోంచి వాడి స్కూలు పుస్తకం ఒకటి తీసి చూపించింది. ఎనిమిదో తరగతి సైన్సు. అట్ట మీద వాడి చేతిరాతతో పేరు, దాని కింద క్రికెట్ బ్యాటు బొమ్మ.

"చెప్పండి అయ్యగారూ" అంది. "తుఫాను నాడు వాడికి అయిదేళ్లు. తరవాత తొమ్మిదేళ్లు ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్లూ ఎవులూ లెక్కెట్టనేదు. నానే లెక్కెట్టుకున్నాను. మీరు చెప్పినప్పుడు అది కూడా చెప్పండి."

నాకు నోట మాట రాలేదు. ఒక ఏడాదిగా నేను వాక్యంలో వెతికింది ఆ ఇంటి గూట్లో ఉంది. అయితే ఆమె దుఃఖం తీరిపోయిందని మీరు అనుకోవద్దు, అలా చెబితే అది ఇంకొక "పది నిమిషాలు" అవుతుంది. ఆదివారాలు ఆమె కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు రాదు. వచ్చినప్పుడు వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చుంటుంది. పాటలు పాడదు. వాక్యం వింటుంది. ప్రార్థనలో ఆమె ఏమంటుందో దేవునికే తెలుసు. ఆసాపు మాటలే అయి ఉంటాయని నా మనసుకు అనిపిస్తుంది.

ఈ ఆదివారం కూటం ఎప్పటిలాగే పది గంటలకు. ఈసారి కొంచెం మార్పు చేశాం. జవాబు వచ్చిన ప్రార్థనలు చెప్పేవాళ్లతో పాటు, ఇంకా జవాబు రాని ప్రార్థన ఉన్నవాళ్లు కూడా నిలబడి చెప్పవచ్చు. చెప్పి కూర్చుంటే చాలు, నేను మైకు తీసుకుని ముగించను. సంఘ పెద్ద ఆ పొద్దుటి సంగతి టీవీతో సహా తన నోటితో చెబుతారు. మీలో ఆ రాత్రి మందిరంలో పడుకున్నవాళ్లు ఎవరైనా నేను తప్పుగా చెప్పినది ఇంకేదైనా గుర్తుంటే ముందుగా నాకు ఫోన్ చేయండి. మేక సంగతి కూడా. అది రెండా ఒకటా అని మొన్న పెద్ద వాదన అయింది.

ఆ చెల్లిని వస్తావా అమ్మా అని అడిగాను. వస్తానంది. సాక్ష్యం మాత్రం చెప్పనని ముందే చెప్పింది. అక్కర్లేదమ్మా, వచ్చి కూర్చో అన్నాను. భోజనాల దగ్గర పప్పు తను వండుతానంది.